అట్లాంటిక్ చల్లనీళ్లలో క్లబ్ డైవింగ్: ఐర్లాండ్‌లో దిగుతున్నవాళ్లు చెప్పండి

నీలికెరటం
అండమాన్ హావ్‌లాక్‌లో ఓపెన్ వాటర్ (స్కూబా డైవింగ్ మొదటి కోర్సు) చేశాను, తర్వాత రుషికొండలోనూ దిగాను. ఇప్పుడు ఉద్యోగం గాల్వేలో. ఇక్కడి క్లబ్‌లో చేరదామని ఉంది. నా పాడి (PADI, ఆ కోర్సు సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ) కార్డు చెల్లుతుందా? డ్రైసూట్ (లోపలికి నీరు రాని డైవింగ్ సూట్) కొత్తదే కొనాలా, పాతది చాలా? మా ఆవిడకి ఈత వచ్చు, కానీ చలంటే భయం. తను సున్నా నుంచి మొదలుపెట్టొచ్చా? నీళ్లు 10 డిగ్రీలు అని విన్నప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది.

కెల్ప్ అడవి
10 డిగ్రీలు ఫిబ్రవరి, మార్చి మాటండీ. ఆగస్టులో పడమటి తీరాన 15, 16 దాకా వస్తుంది. అయినా డ్రైసూట్ కావాల్సిందే. గాలి కంటే నీరు ఒంట్లో వేడిని 25 రెట్లు వేగంగా లాగేస్తుంది.

పాత సూట్ కొనేటట్టయితే మెడ సీల్, మణికట్టు సీళ్లు వేళ్లతో లాగి చూడండి. లేటెక్స్ జిగటగా తగిలిందంటే దాని పని అయిపోయినట్టే. జిప్ వంగే చోట పళ్ల మధ్య గుడ్డ పీచులు లేచాయేమో చూడండి. సీలు మార్చడం చిన్న పని, జిప్ మార్చడం పెద్ద ఖర్చు. నాకు అమ్మినవాడు "అన్నీ కొత్తగా వేయించా" అన్నాడు. కిల్లరీ అనే సముద్రపు పాయలో మొదటిసారి దిగితే నడుం దాకా నీళ్లు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఉత్తరగాలి
సూట్ కొన్నాక సముద్రానికి పరుగెత్తకండి, ముందు పూల్‌లో నేర్చుకోండి. సూట్‌లో నింపిన గాలి కాళ్లలోకి పోతే తలకిందులైపోతారు, అప్పుడు ముడుచుకుని బొర్లి లేవడం అలవాటు కావాలి. ఒక్కటి గుర్తుంచుకోండి: నీటి కింద బొయెన్సీ (తేలకుండా మునగకుండా గాలితో సర్దుకోవడం) అంతా డ్రైసూట్‌తోనే. బీసీడీ (గాలి నింపే డైవింగ్ జాకెట్) నీటిపైన తేలడానికి మాత్రమే. రెండూ వాడితే పైకి వచ్చేటప్పుడు రెండు చోట్ల గాలి వదలాలి, కొత్తవాళ్లు గాభరాపడతారు.

ట్రైమిక్స్ మావ
ఇలాంటి సలహాల వల్లే జనం రాకెట్‌లా పైకి తన్నుకొస్తున్నారు. సూట్ ఒంటిని నొక్కకుండా ఉండేంత గాలి మాత్రమే దానిలో ఉండాలి. మిగతాది వింగ్‌లో (వీపున ఉండే గాలి సంచిలో). నేను ఉత్తర కొసన మాలిన్ హెడ్ దగ్గర రెక్‌ల (మునిగిన ఓడల) మీద 60 మీటర్లు దాటి దిగే మనిషిని, ఎంతోమందికి ట్రైమిక్స్ (హీలియం కలిపిన గాలితో లోతు డైవింగ్) నేర్పాను. మా టీమ్‌లో ఎవరూ సూట్‌తో బొయెన్సీ చేయరు.

ఉత్తరగాలి
అన్నా, అడిగినాయన ఓపెన్ వాటర్ డైవర్. ఒక్క 12 లీటర్ల సిలిండర్‌తో 15 మీటర్లకి వెళ్తాడు. ఆయనకి మాలిన్ హెడ్ కథలెందుకు?

ట్రైమిక్స్ మావ
అలవాటు మొదటి రోజు నుంచే పడాలి. తర్వాత మార్చుకోవడం నరకం.

కెల్ప్ అడవి
లెక్క వేసుకుంటే తేలిపోయే విషయం ఇది. 232 బార్‌కి నింపిన 12 లీటర్ల సిలిండర్‌లో గాలి బరువే 3 కిలోలు దాటుతుంది. ఆ గాలి వాడేసి సిలిండర్ తేలికయ్యాక చివర్లో తేలిపోకుండా ఆ మేరకు లెడ్ (సీసం బరువులు) ఎక్కువ కట్టుకుంటాం, కాబట్టి మొదట్లో ఆ 3 కిలోలకి సరిపడా గాలి ఎక్కడో ఒకచోట పెట్టాలి. అంత కొంచెం గాలిని సూట్ మోస్తుంది. జంట సిలిండర్లు, పక్కన స్టేజ్ (అదనపు) సిలిండర్లు కట్టుకున్నవాళ్లకి ఇది చాలా పెరుగుతుంది, వాళ్లకి వింగ్ తప్పదు. ఇద్దరూ వేర్వేరు డైవ్‌ల గురించి మాట్లాడుతున్నారు.

అసలు రోగం లెడ్ ఎక్కువ వేసుకోవడం. క్లబ్‌లో ఎవరో "ఇంకో రెండు కిలోలు వేసుకో" అంటారు, ఇక అదే జన్మంతా.

ఉత్తరగాలి
నేను అన్నది అదే కదా.

ట్రైమిక్స్ మావ
కాదు. "అంతా సూట్‌తోనే" అన్నారు మీరు. పైకి వెళ్లి చదువుకోండి.

గోదారి గట్టు
మధ్యలో వస్తున్నా, ఏమనుకోకండి. ఇక్కడి వాలెన్షియా దీవి వైపు లాబ్‌స్టర్లు బాగా ఉంటాయట కదా, డైవ్ చేసినప్పుడు ఒకటి రెండు తెచ్చుకోవచ్చా? పులుసు పెట్టుకుని చాలా కాలమైంది.

కిల్కీ అక్క
వద్దు తమ్ముడూ, పొరపాటున కూడా చేయకు. ఐర్లాండ్‌లో స్కూబాతో దిగి షెల్‌ఫిష్ తీయడం చట్టవిరుద్ధం. ఒక్కరు చేస్తే ఊళ్లో జాలర్లకీ క్లబ్‌కీ మధ్య ఏళ్లనాటి సఖ్యత పోతుంది. మా పడవ దించుకునే రేవు వాళ్ల దయ మీదే ఉంది.

మూల ప్రశ్న అడిగినాయన భార్య సంగతి ఎవరూ ఎత్తలేదు, నేను చెప్తా. క్లబ్‌లో శరదృతువులో పూల్ శిక్షణ మొదలవుతుంది, చలికాలమంతా నడుస్తుంది, వసంతం వచ్చాక సముద్రం. అమ్మాయికి అది మంచి దారి, ఎవరూ తొందరపెట్టరు. నేర్పేవాళ్లంతా స్వచ్ఛందంగా వచ్చేవాళ్లే. దిగే ముందు మొహం మీద చల్లనీళ్లు చల్లుకోమనండి, మాస్క్‌లోకి నీళ్లొచ్చినా ఊపిరి బిగుసుకుపోదు.

ఆడవాళ్లకి ఇంకో ముఖ్యమైన మాట. రిబ్ బోటులో (గాలి నింపిన అంచుల చిన్న పడవలో) బాత్రూమ్ ఉండదు కాబట్టి పొద్దున్నుంచి నీళ్లు తాగకుండా వచ్చేవాళ్లని చూస్తున్నాను. దయచేసి అలా చేయకండి. చల్లనీళ్లలో మూత్రం ఎలాగూ ఎక్కువగా తయారవుతుంది, ఒంట్లో నీరు తగ్గితే బెండ్స్ (పైకి వచ్చేటప్పుడు ఒంట్లో గాలి బుడగలు ఏర్పడే జబ్బు) ప్రమాదం పెరుగుతుంది. సూట్లలో దానికి ఏర్పాట్లు ఉన్నాయి, సిగ్గుపడకుండా ట్రిప్ పెట్టేవాళ్లని అడగండి. అసలు వాళ్లే ముందుగా చెప్పాలి. మగవాళ్లు నడిపే ట్రిప్పుల్లో ఈ మాట ఎవరి నోటా రాదు.

ట్రైమిక్స్ మావ
మా ట్రిప్పుల్లో చెప్తాం.

కిల్కీ అక్క
మీతో వచ్చిన అమ్మాయిల్ని అడిగి చెప్పండి.

పల్లవ
డాక్టర్‌ని. 40 దాటి బీపీ ఉన్న మన మగవాళ్లు ఇది చదవాలి. చల్లనీళ్లలో దిగితే చేతులు, కాళ్ల రక్తనాళాలు ముడుచుకుని రక్తమంతా గుండె, ఊపిరితిత్తుల వైపు చేరుతుంది. కొందరికి ఊపిరితిత్తుల్లోకి నీరు ఊరుతుంది. సముద్రపు నీరు కాదు, సొంత ఒంటి నీరే. దగ్గు, ఆయాసం, ఒక్కోసారి గులాబి రంగు నురగ. "ఫిట్‌నెస్ తక్కువైంది" అనుకుని ఈదుతూ ఉండిపోతారు. వెంటనే డైవ్ ఆపి పైకి రండి, ఆక్సిజన్ పెట్టించుకోండి, ఆసుపత్రికి వెళ్లండి. క్లబ్ మెడికల్‌లో బీపీ దాచకండి.

ఇంకొకటి. హీటెడ్ వెస్ట్ వేసుకుని అడుగున వెచ్చగా ఉండి, పైకొచ్చేటప్పుడు బ్యాటరీ అయిపోతే చాలా చెడ్డది. అడుగున వెచ్చగా, డెకోలో (పైకొస్తూ మధ్యలో ఆగే సమయంలో) చల్లగా ఉన్నవాళ్లకి బెండ్స్ ఎక్కువ వస్తాయని అమెరికా నేవీ ప్రయోగాల్లోనే తేలింది. మీ చలి సంగతి చేతి కంప్యూటర్‌కి తెలియదు. గాల్వే ఆసుపత్రిలో హైపర్‌బారిక్ యూనిట్ (బెండ్స్‌కి చికిత్స చేసే అధిక పీడన గది) ఉంది, అయినా ఆ గది చూడాల్సిన అవసరం ఎవరికీ రాకూడదు.

ఉత్తరగాలి
మంచి మాట చెప్పారు డాక్టర్ గారూ. స్కాట్లాండ్ ఓర్క్నీ దీవుల్లో స్కాపా ఫ్లోకి క్లబ్‌తో వెళ్లినప్పుడు హీటెడ్ వెస్ట్ గురించి మా పడవలో పెద్ద వాదన. అక్కడ జర్మన్ నౌకాదళం 1919 జూన్ 21న తన ఓడల్ని తానే ముంచేసుకుంది. చాలావాటిని తర్వాత పైకి తీసి ఇనుముకి అమ్మేశారు, మూడు యుద్ధనౌకలు, కొన్ని క్రూయిజర్లు మిగిలాయి. వాటిలో కోల్న్ అనే క్రూయిజర్ పక్కకి ఒరిగి పడుకుని ఉంటుంది, దాని మీద ఈదుతుంటే కాలం తెలియదు. ఐర్లాండ్ వాళ్లు ఒక్కసారైనా వెళ్లి తీరాలి.

కెల్ప్ అడవి
మన దగ్గర తక్కువేముంది? కార్క్ తీరంలో యూ-260 అనే జర్మన్ జలాంతర్గామి ఉంది. 1945 మార్చిలో మైన్ తగిలి దెబ్బతింటే సిబ్బందే ముంచేసి ఒడ్డుకి చేరుకున్నారు. 40 మీటర్ల పైమాటే లోతు, కొత్తవాళ్లకి కాదు. స్లాక్ వాటర్ (ప్రవాహం ఆగే) టైం పట్టుకుని షాట్ లైన్ (బరువు కట్టి అడుగుకి దించిన తాడు) మీద దిగాలి.

నీలికెరటం
అందరికీ థ్యాంక్స్. పాడి కార్డు సంగతి మాత్రం ఇంకా తెలియలేదండీ.

కిల్కీ అక్క
చెల్లుతుంది. డైవింగ్ ఐర్లాండ్ (ఇక్కడి క్లబ్బుల సమాఖ్య) క్లబ్బులు సీమాస్ (CMAS, అంతర్జాతీయ డైవింగ్ సమాఖ్య) పద్ధతిలో నడుస్తాయి, బయటి కార్డుతో వచ్చేవాళ్లని క్రాసోవర్ (ఆ పద్ధతిలోకి మార్పిడి) చేయిస్తారు. నేరుగా పడవ ఎక్కించరు. ముందు పూల్‌లో చూస్తారు, తర్వాత ఒడ్డు నుంచి ఒక తేలిక డైవ్. దాన్ని అవమానం అనుకోకండి.

గోదారి గట్టు
అక్కా, లాబ్‌స్టర్ మాట వదిలేశాను. పోయిన వారం డబ్లిన్ వైపు ఈదుతుంటే లయన్స్ మేన్ జెల్లీఫిష్ చెయ్యి మీద గీరేసింది. పక్కనున్నాయన సముద్రపు నీళ్లతో కడిగి ఐస్ పెట్టాడు, మంట ఇంకా పెరిగింది.

పల్లవ
పాత పద్ధతి అది, ఈ జెల్లీఫిష్‌కి పనికిరాదు. గాల్వే విశ్వవిద్యాలయం వాళ్లు పరిశోధించి 2017లో చెప్పారు: ముందు వెనిగర్‌తో కడగాలి, తర్వాత 45 డిగ్రీల వేడి నీళ్లలో 40 నిమిషాలు ఉంచాలి. రుద్దకూడదు.

ఉత్తరగాలి
పడవలో 45 డిగ్రీల నీళ్లు ఎక్కడివండీ?

పల్లవ
ఫ్లాస్క్‌లో తీసుకెళ్లండి. టీకి తీసుకెళ్తారుగా. కాలకుండా చల్లనీళ్లు కలిపి వాడండి.

ట్రైమిక్స్ మావ
వెనిగర్ సీసా మా కిట్‌లో ఎప్పుడూ ఉంటుంది. ఇక యూ-260 గురించి: దానికి అనుమతి అక్కర్లేదు, కానీ వందేళ్లు దాటిన రెక్‌లకి ఐర్లాండ్‌లో లైసెన్స్ తీసుకోవాలి. 93 మీటర్ల లోతులో ఉన్న లుసిటేనియా అనే ఓడకి అయితే 1995 నుంచి విడిగా రక్షణ ఉత్తర్వు ఉంది. మొదటి ప్రపంచయుద్ధపు ఓడలన్నీ వందేళ్లు దాటేశాయి. ట్రిప్ వేసేవాళ్లు చలికాలంలోనే దరఖాస్తు పెట్టుకోండి.