ఫోమ్, ఫ్లీస్‌తో నోరాడించే బొమ్మ: కుట్టు కనబడకుండా ఎలా? తెలుగు మాటలకి నోరు ఎలా కలపాలి?

కథల_పిన్ని
అందరికీ నమస్కారం అండి. మాది కూకట్‌పల్లి, ఆదివారం సాయంత్రాలు మా అపార్ట్‌మెంట్ హాల్లో పిల్లలకి కథలు చెప్తుంటాను, మూడేళ్ళ వాళ్ళ నించి ఎనిమిదేళ్ళ వాళ్ళ దాకా వస్తారు. ఇన్నాళ్ళూ సాక్సు బొమ్మలతోనే లాగించేశా. ఇప్పుడు టీవీలో చూస్తాం కదా, స్పాంజి తల మీద ఫ్లీస్ అనే మెత్తటి నూగు బట్ట తొడిగి నోరు ఆడించే పెద్ద బొమ్మ, అలాంటిది ఒకటి చేద్దామని కూర్చున్నా. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు పిల్లలు అప్పుడే పేరు పెట్టేశారు, గుమ్మడి అని, కాబట్టి రంగు నారింజే ఉండాలిట.

నా డౌట్లు ఇవి. స్పాంజి ఏది కొనాలి, ఏ గమ్ముతో అతకాలి, ఫ్లీస్ ఇక్కడ దొరుకుతుందా, కుట్టు మొహం మీద కనబడకుండా ఎలా కుడతారు. వీటన్నిటికంటే పెద్దది ఇంకోటి, సాక్సు బొమ్మతోనే ప్రాక్టీస్ చేస్తున్నా గానీ యూట్యూబ్‌లో అందరూ ఇంగ్లీషుకే చెప్తున్నారు, సిలబుల్‌కి ఒకసారి నోరు తెరవమని, తెలుగులో అట్లా చేస్తే బొమ్మ మాట్లాడుతున్నట్టు లేదు, బఠాణీలు నములుతున్నట్టుంది. ఎవరైనా తెలుగులో ఆడించినవాళ్ళు ఉంటే చెప్పండి ప్లీజ్.

స్పాంజి_మామ
అక్కా, స్పాంజి కోసం క్రాఫ్ట్ షాపులకి పోకు, మస్తు రేటు చెప్తరు. సోఫాలు చేసేటోళ్ళకి సామాన్ అమ్మే షాపుకి పోయి అర ఇంచు షీట్ అడుగు, అంటే 12 ఎంఎం, 32 డెన్సిటీ అంటే వాళ్ళకి అర్థమైతది. దానికంటె మెత్తది తీసుకుంటే తల లొత్తలు పడతది, మరీ గట్టిది తీసుకుంటే వంపు తిరగదు. గమ్ము కూడా ఆ షాపులనే ఉంటది, సోఫా పనోళ్ళు వాడే రబ్బర్ గమ్ము, ఫెవికాల్ ఎస్ఆర్ 505 లాంటిది. రెండు అంచులకీ పల్చగ పూసి పది నిమిషాలు ఆగు, వేలుతోని ముట్టుకుంటే అంటీ అంటనట్టు ఉన్నప్పుడు ఒకదానికొకటి నొక్కు, ఒక్కసారి అంటిందంటె మళ్ళ జరపనీకి రాదు, అందుకే మధ్యల నుంచి మొదలువెట్టి చివర్లకి పోవాలె. కిటికీలు తెరిచి చెయ్యి, వాసన తలకెక్కుతది, పొయ్యి దగ్గర అస్సలు వద్దు. హాట్ గ్లూ గన్ మాత్రం తలకి వాడకు. ఆరినంక గట్టి గీతలాగ అయితది, పైన ఎంత మంచి బట్ట తొడిగినా ఆ గీత తెలిసిపోతది.

నోటి లోపల పెట్టే గట్టి పలకకి చెప్పులు కుట్టేటోళ్ళ దగ్గర సోల్ రబ్బర్ షీట్ దొరుకుతది, పల్చటిది, అర్ధచంద్రం లెక్క రెండు ముక్కలు కోసి వెనక గట్టి గుడ్డతోని మడతబందు లాగ కలుపు. అట్ట పెడితే చెమటకి నాని మెత్తబడతది. లోపల నాలుగు వేళ్ళకి పైన ఒక ఎలాస్టిక్, బొటనవేలికి కింద ఒకటి కుట్టు, లేకుంటె నోరు తెరిచినప్పుడల్లా చెయ్యి జారిపోతది.

డాలస్_బొమ్మలక్క
స్పాంజి_మామ గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు కరెక్టు, బట్ట సంగతి నేను చెప్తా. ఇక్కడ ప్రొఫెషనల్స్ వాడేది ఆంట్రాన్ ఫ్లీస్ అని నైలాన్‌ది, తెల్లది కొని ఎవరికి కావాల్సిన రంగు వాళ్ళు అద్దుకుంటారు, నూగు పొడుగ్గా ఉంటుంది కాబట్టి కుట్టు అందులో మునిగిపోతుంది. ఖరీదు ఎక్కువ, మీకు ఆ తలనెప్పి వద్దు. చలికాలం కప్పుకునే పోలార్ ఫ్లీస్ దుప్పటి సింగిల్ బెడ్‌ది ఒకటి కొనండి, దాంట్లో రెండు మూడు బొమ్మలు వస్తాయి, లూధియానా, పానిపట్ సరుకు హైదరాబాద్‌లో చలికాలం ఎక్కడ చూసినా ఉంటుంది. కాకపోతే నారింజ రంగే దొరికేదాకా వెతకండి, ఇది పాలిస్టర్, మామూలు బట్టల రంగులు దీనికి ఎక్కవు.

బట్టని లాగి చూస్తే ఒకవైపే బాగా సాగుతుంది, ఆ సాగే వైపు తల చుట్టూ అడ్డంగా రావాలి. నూగు చేత్తో నిమిరితే ఒకవైపుకి పడుకుంటుంది చూడండి, అది అన్ని ముక్కల్లోనూ కిందకే ఉండాలి, లేకపోతే ఒకే దుప్పటి అయినా రెండు రంగుల్లా కనబడుతుంది.

కుట్టు విషయానికొస్తే దీన్ని హెన్సన్ కుట్టు అంటారు, అమెరికా టీవీలో వచ్చే మపెట్స్ అనే బొమ్మలు చేసిన జిమ్ హెన్సన్ పేరు మీద వచ్చింది. మిషన్ మీద కాదు, చేత్తోనే. రెండు అంచులూ ఒకదాని మీద ఒకటి కాకుండా పక్కపక్కన ఆనించి పెట్టుకోండి. సూది ఎప్పుడూ లోపల నించి పైకే రావాలి, ఒకసారి ఎడమ అంచులోంచి, తర్వాత రెండు అంచుల మధ్య సందులో దిగి కుడి అంచులోంచి, మళ్ళీ సందులో దిగి ఎడమ. క్రికెట్ బంతి కాదు, అమెరికా బేస్‌బాల్ బంతి మీద కుట్టు చూశారా, అచ్చం అదే. నాలుగైదు కుట్లకోసారి దారం బిగించండి, అంచులు లోపలికి ముడుచుకుని కలిసిపోతాయి. దారం బట్ట రంగుదే తీసుకోండి. అంతా అయ్యాక సూది మొనతో ఇరుక్కున్న నూగు బయటికి లాగి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే దగ్గరకొచ్చి చూసినా దొరకదు. పోలార్ ఫ్లీస్‌లో కొంచెం కనబడుతుంది, అందుకని కుట్టు మొహం మధ్యలో పడకుండా చెవుల వెనక్కి, జుట్టు కిందకి వచ్చేట్టు ముక్కలు కత్తిరించుకోండి.

కళ్ళు మాత్రం ముందే అతికించెయ్యకండి. గుండుసూదులతో గుచ్చి, బొమ్మని గదికి ఆ చివర పెట్టి చూసుకోండి. నల్లగుడ్లు సరిగ్గా మధ్యలో పెడితే ఎటో శూన్యంలోకి చూస్తున్నట్టుంటుంది, కాస్త ముక్కు వైపుకి జరపండి, అప్పుడు ఎదురుగా ఉన్న మనిషినే చూస్తుంది. మపెట్స్ బొమ్మలు కట్టిన డాన్ సాలిన్ అనే ఆయన కళ్ళూ ముక్కూ నోరూ కలిపి ఒక త్రికోణంలా లెక్కేసుకునేవాడు, చూపు కుదిరిందంటే మిగతా అలంకారం ఏం లేకపోయినా బొమ్మ నిలబడుతుంది. ఖరీదైన కళ్ళేం అక్కర్లేదు, 1955లో మపెట్స్‌లో పేరున్న కెర్మిట్ అనే బొమ్మని మొదటిసారి హెన్సన్ వాళ్ళమ్మ పాత కోటు కోసి కుట్టాడు, కళ్ళకి పింగ్‌పాంగ్ బంతి సగానికి కోసి పెట్టాడు.

ఊరికే_అడిగా
ఆన్‌లైన్‌లో రెడీమేడ్‌వి దొరుకుతున్నాయి కదండి, ఇంత కుట్టుడు ఎందుకు? పిల్లలకి తేడా తెలుస్తుందా?

కథల_పిన్ని
రెడీమేడ్ చూశానండి, నోట్లో నా చెయ్యే పట్టట్లేదు, చిన్నపిల్లలు ఆడుకునే సైజువి. పైగా గుమ్మడి కావాలి కదా :) డాలస్ అక్కా, థాంక్స్, దుప్పటి ఐడియా అదిరింది. నోరు కలపడం గురించి ఎవరూ చెప్పలేదు ఇంకా.

రెండో_చెయ్యి
అది నేను చెప్తానండి, స్కూళ్ళలో ఆడిస్తుంటాను. ముందు చెయ్యి చూసుకోండి. నోరు తెరవడం అంటే బొటనవేలు కిందకి దించడం, పైన నాలుగు వేళ్ళూ కదలకూడదు. చాలామంది పై వేళ్ళు లేపుతారు, అప్పుడు మాట మాటకీ తల వెనక్కి విరుచుకుంటుంది. మనం మాట్లాడేటప్పుడు కదిలేది కింది దవడే కదా. ఇంకోటి, మాట మొదలవుతుంటే తెరుచుకోవాలి, మీరు చెప్పే రకంలో మాటకి నోరు మూసుకుంటోంది, అందుకే నమిలినట్టుంది.

ఇక తెలుగు. మనకి దాదాపు ప్రతి మాటా అచ్చుతోనే ముగుస్తుంది, ఒక్కో మాటలో అక్షరాలు కూడా ఎక్కువ, అన్నిటికీ తెరిస్తే చెయ్యి పడిపోతుంది, బొమ్మా పడిపోతుంది. దీర్ఘాలకీ, ఒత్తి పలికే చోటా తెరవండి, పొట్టి అక్షరాలు వాటి వెనకాలే దాటేయండి. ‘ఆకలేస్తోంది’ తీసుకోండి, ఆ దగ్గర బాగా తెరవాలి, లే దగ్గర కొంచెం, తోం దగ్గర మళ్ళీ, ది దగ్గర మూసుకుంటూ వచ్చెయ్యాలి, అంతే, అయిదు అక్షరాలకి మూడు. కానీ ప, బ, మ వచ్చినప్పుడు మాత్రం పెదాలు కలవాల్సిందే, అక్కడ తప్పించుకోడానికి లేదు. ‘అమ్మా’ అని నోరు మూయకుండా అనిపించండి చూద్దాం, నాలుగేళ్ళ పిల్ల కూడా ఇదేంటి అంటుంది. బొమ్మ అక్కర్లేదు, బస్సులో కూర్చుని ఖాళీ చేత్తో రేడియోకి కలుపుకోవచ్చు, పక్కవాళ్ళు చూస్తారనుకోండి.

చూపు ఇంకా ముఖ్యం. చెయ్యి పైకెత్తగానే మణికట్టు వెనక్కి వాలుతుంది, బొమ్మ సీలింగు ఫ్యాను చూస్తుంటుంది. పిల్లలు కింద చాప మీద కూర్చుంటారు కాబట్టి మీకు అతిగా అనిపించేంత మణికట్టు ముందుకి వంచాలి, అప్పుడే వాళ్ళ కళ్ళల్లోకి చూస్తుంది. ఫోన్ పిల్లలు కూర్చునే ఎత్తులో పెట్టి వీడియో తీసుకోండి, తెలిసిపోతుంది.

బంగారక్క_ఫ్యాన్
మాది ధర్మవరం దగ్గర. తోలుబొమ్మలాట నిమ్మలకుంటలో చూసినాను, అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ఇచ్చినారు. తోలుబొమ్మకి నోరాడదు కదా, తెర మీద నీడే, అయినా ఎవరు మాట్లాడుతున్నారో ఒక్కరికీ డౌట్ రాదు. ఎట్లంటే మాట్లాడే బొమ్మే కదులుతుంది, వినే బొమ్మ కదలకుండా దాని వైపు తిరిగి ఉంటుంది. రెండో చెయ్యి గారు చెప్పిన నోటి లెక్క మంచిదే గానీ నన్నడిగితే ఇది ముందు నేర్చుకోవల్ల. రామాయణం మధ్యలో కేతిగాడు, బంగారక్క అనే నవ్వించే బొమ్మలు వచ్చి కొట్లాడుకుంటే జనం అప్పటిదాకా నిద్రపోతున్నోళ్ళు కూడా లేస్తారు, ఒకరిది కీచు గొంతు, ఒకరిది బొంగురు గొంతు. మీ గుమ్మడికి కూడా ఒక తగాదా మనిషిని పెట్టండి అక్కా, ఆ తగాదా మనిషి మీరే అయినా సరే, ఒక్క బొమ్మ ఒక్కటే మాట్లాడితే ఉపన్యాసమే.

రెండో_చెయ్యి
బంగారక్క_ఫ్యాన్ గారు, కదలకుండా వినడం గురించి చెప్పారు చూడండి, దానికి నా ఓటు కూడా. స్టేజీ ఏమీ లేకుండా బొమ్మని ఒళ్ళో కూర్చోబెట్టుకుని మీరే దాంతో తగాదా పడొచ్చు, మీరు బొమ్మని చూస్తే పిల్లలూ బొమ్మనే చూస్తారు, మీ పెదాలు కదులుతున్నా పట్టించుకోరు.

కథల_పిన్ని
అబ్బ, ఇన్ని సంగతులా. చివరి డౌట్లు రెండు. బొమ్మ చేతులు ఆడించడానికి కడ్డీలు ఏం పెట్టాలి? మూడేళ్ళ వాళ్ళు పెద్ద బొమ్మని చూసి ఏడిస్తే?

స్పాంజి_మామ
పాత గొడుగు పుల్లలు గానీ సైకిల్ స్పోకులు గానీ అక్కా, చివర మొన వంచేసి గుచ్చుకోకుండ టేప్ చుట్టు, మెరవకుండ నల్ల మ్యాట్ రంగు వెయ్యి. నీ కుడి చెయ్యి బొమ్మ తలల ఉంటది కాబట్టి ఎడమ చెయ్యితోని ఒక్క కడ్డీయే పట్టుకో, బొమ్మ రెండో చెయ్యిని దాని పొట్టకే కుట్టేసెయ్, ఎవ్వరూ అడగరు. ఇంకొకటి, అయిపోయినంక ఎండల పెట్టకు, స్పాంజి పసుపుపచ్చగ అయ్యి పొడి రాలుతది. చెమట వాసన వస్తె లోపల ఫ్యాన్ గాలికి ఆరబెట్టు.

డాలస్_బొమ్మలక్క
ఏడుపుకి మందు ఉంది. మొదటి రోజు గుమ్మడిని మాట్లాడించకండి. మీ వీపు వెనకాల దాక్కుని ఒక కన్ను బయట పెట్టాలి, మళ్ళీ లోపలికి పోవాలి, మీ చెవిలో ఏదో చెప్పాలి, అదేంటో మీరు పిల్లలకి చెప్పాలి. బొమ్మే తమని చూసి భయపడుతోందని వాళ్ళకి తెలిస్తే పరవాలేదు రా రా అని వాళ్ళే పిలుస్తారు. పిలిచినా వెంటనే రానివ్వకండి.