ఫామ్‌స్టేలో ఈత కొలను ముందా, గొడ్ల చావిడి ముందా? మా ఇంట్లో తగవు, మీరేమంటారు?

కరకట్ట కుర్రాడు

అందరికీ నమస్కారం. మాది కొల్లిపర వైపు. మా బాబాయి పొలంలో రెండు గదులు వేసి, శని ఆదివారాలు విజయవాడ, గుంటూరు నుంచి వచ్చేవాళ్లకు బస ఇస్తున్నాం. పసుపు, కంద, అరటి వేస్తాం. ఒంగోలు ఆవులు, ఒక గిత్త ఉన్నాయి. వచ్చినవాళ్లు పొద్దున్నే పాలు పితకడం చూస్తారు, పిల్లలు దూడలకు గడ్డి వేస్తారు, మధ్యాహ్నం అరిటాకులో భోజనం, సాయంత్రం కృష్ణా కరకట్ట మీద నడక.

ఇప్పుడు చేతిలో ఉన్న డబ్బుతో ఒక్క పనే అవుతుంది. చావిడి రేకులు చిల్లులు పడ్డాయి, నేల గుంటలు పడింది, వానొస్తే పశువులు బురదలోనే నిలబడతాయి. అది కొత్తగా కట్టాలని బాబాయి పట్టు. ఈత కొలను లేకపోతే ఎండాకాలం పురుగు కూడా రాదని అన్నయ్య. డబ్బిచ్చేది అతిథులు గనక వాళ్లు అడిగిందే ముందు చేయాలా? వాళ్లు వచ్చేదే పొలం కోసం గనక పొలం పనే ముందా?

బెంజిసర్కిల్ నాన్న

మీ అన్నయ్యకే నా ఓటు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, మన బెజవాడ ఎండకు రోళ్లేంటి, మనుషులే పగులుతారు. పదకొండు నుంచి ఐదు దాకా బయట కాలు పెట్టలేం. అంతసేపు పిల్లలతో ఏం చేయాలండి? దూడకు మాత్రం ఎంతసేపని గడ్డి వేస్తారు? గదిలో ఏసీ, శుభ్రమైన బాత్రూం, పిల్లలు దూకడానికి నీళ్లు. ఇవి లేకపోతే మేం రిసార్టుకు పోతాం. పల్లెటూరి మీద ప్రేమ లేక కాదు.

దుగ్గిరాల పసుపు

అసలు మే నెలలో ఎందుకు తెరుస్తున్నారు? అప్పుడు పొలంలో దుక్కి తప్ప చూడ్డానికి ఏముంటుంది? జనవరి నుంచి మార్చి దాకా పిలవండి. పసుపు తవ్వకాలు, వండటం, ఆరబెట్టడం అన్నీ అప్పుడే. పెద్ద బాణలి కింద మంట పెట్టి కొమ్ములు ఉడికిస్తుంటే నురగ వస్తుంది, ఆవిరికి వాసన పక్క చేల దాకా పోతుంది. ఉడికిందో లేదో పుల్ల గుచ్చి చూడటం పిల్లలకు ఇవ్వండి, ఫోన్ ముట్టుకుంటే నన్ను అడగండి. ఆ తర్వాత కల్లంలో ఎండటం, డ్రమ్ములో వేసి తిప్పితే పైపొట్టు రాలి మెరుగు రావడం. ఇవి చూపించకుండా ఈత కొట్టిస్తే అది ఫామ్‌స్టే ఎలా అవుతుంది?

గుంటూరు మిర్చి

పసుపు సరే గానీ, ఈ మాట విని ఎవరూ మిర్చి కోతలకు పిల్లల్ని దింపొద్దు. గంట కోస్తే చేతులు భగ్గుమంటాయి, అదే చేత్తో కళ్లు నులుముకుంటే ఇక ఆ రోజంతా ఏడుపే. ఘాటు నీళ్లతో పోదు, ముందు నూనె రాసి తుడిచి తర్వాత సబ్బుతో కడగాలి. కల్లంలో తాలు కాయలు ఏరే ఆడవాళ్ల పక్కన కూర్చుని చూస్తే చాలు.

డెన్వర్ గుంటూరోడు

మేం కుటుంబంతో అమెరికాలోని వయోమింగ్‌లో ఒక గెస్ట్ రాంచ్‌లో, అంటే అతిథులకు బస ఇచ్చే పశువుల క్షేత్రంలో ఉన్నాం, అందుకని రాస్తున్నా. వాళ్లకిది కొత్త కాదు. ఈటన్ అన్నదమ్ములు 1880లలో నార్త్ డకోటాలో పశువుల రాంచ్ నడుపుతూ, చూడ్డానికి వచ్చే పట్నం వాళ్ల దగ్గర డబ్బు తీసుకోవడం మొదలుపెట్టారు, 1904లో వయోమింగ్‌కు మారారు. ఇలాంటి రాంచ్‌ల వాళ్లు 1926లోనే సంఘం పెట్టుకున్నారు. మేం వెళ్లినచోట కంచె బాగుచేసే పని నడుస్తోంది. మాకు చేతి తొడుగులు ఇచ్చి, తీగ ఎలా లాగాలో చూపించి, స్తంభాల వెంట నడిపించారు. పొద్దుట గుర్రాలకు జీను వేయడం, మధ్యాహ్నం మేతకు పోయిన పశువుల్ని మళ్లించడం. కొలను లేదు, ఎవరూ అడగలేదు. జరుగుతున్న పనినే చూపించి డబ్బు తీసుకున్నారు. మీ చావిడి కట్టడమే ఈ ఏడాది మీ ప్రోగ్రాం చేసుకోవచ్చుగా?

బెంజిసర్కిల్ నాన్న

అన్నా, వయోమింగ్ ఎండ వేరు, కొల్లిపర ఎండ వేరు. పైగా నేను డబ్బు కట్టి వాళ్ల చావిడికి ఇటుకలు మోయాలా? బాగుంది వరస.

రిటైర్డ్ పశువైద్యుడు

ఇటుకలు మోయక్కర్లేదులెండి. చావిడి గురించి మాత్రం రెండు మాటలు. ఒంగోలు జాతి ఎండకు తట్టుకుంటుంది. మన దగ్గర నుంచి వెళ్లిన పశువులతోనే బ్రెజిల్‌లో నెలోర్ అనే జాతి మందలు తయారయ్యాయి. కానీ బురదకు ఏ జాతీ తట్టుకోదు. గిట్టలు మెత్తబడి పుండ్లు పడతాయి, పొదుగు వాపు వస్తుంది. అప్పుడు మీ అతిథులు చూడ్డానికి వచ్చిన ఆవు పాలివ్వదు, దగ్గరకూ రానివ్వదు.

కట్టేటప్పుడు పొడవు తూర్పు పడమరలుగా పెట్టండి, మధ్యాహ్నపు ఎండ లోపలికి పడదు. రేకుల మీద వరిగడ్డి గానీ తాటాకు గానీ కప్పండి. నేల నున్నటి సిమెంటు వేయొద్దు, గీతలు పెట్టించి మూత్రం పోయేలా వాలు ఇవ్వండి. గుంటూరు పక్కనే లాం ఫారం (పశు పరిశోధన కేంద్రం) ఉంది, ఒంగోలు పశువుల మీద ఎన్నో ఏళ్లుగా పనిచేస్తున్నారు, ఒకసారి వెళ్లి చూసి రండి.

లెక్కల మాస్టారు

కొలను 25 అడుగుల పొడవు, 12 వెడల్పు, 4 లోతు అనుకుందాం. దాదాపు 34 వేల లీటర్లు. ఎండాకాలం పశువుకు రోజుకు 60 లీటర్లు వేసుకున్నా, పది పశువులకు రెండు నెలల తాగునీళ్లు.

బెంజిసర్కిల్ నాన్న

రోజూ పారబోస్తారా మాస్టారూ? ఫిల్టర్ ఉంటుంది కదా.

లెక్కల మాస్టారు

ఫిల్టర్‌కు కరెంటు, క్లోరిన్, చూసే మనిషి. అవి కూడా కలుపుకోండి. ఎండకు ఆవిరయ్యేది వేరే.

ఉండవల్లి వాసి

తమ్ముడూ, మీ పొలం కరకట్టకు ఏ పక్క? లోపలి పక్క, అంటే నది వైపు అయితే కొలను మాట మర్చిపో. నదీగర్భంలో కట్టడాల మీద 1884 నాటి చట్టమే ఉంది. ప్రభుత్వ సమావేశ భవనం ప్రజావేదికను 2019 జూన్‌లో కూల్చింది మా ఊరి కరకట్ట పక్కనే. చట్టం సంగతి పక్కన పెట్టినా, 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్లు వదిలారు. ఆ వరద మీ కొలను మీద నుంచి పోతే మిగిలేది ఇసక దిబ్బ.

పిన్ని వైపు నుంచి

మేమూ పెదకాకాని దగ్గర ఇలాంటిదే నడుపుతున్నాం. ఇంతమంది రాశారు, వంట ఎవరు చేస్తున్నారని ఒక్కరూ అడగలేదేం? శనివారం పన్నెండు మంది వస్తే తెల్లారి నాలుగింటికి లేచేది నేను. ఇడ్లీలు, గోంగూర పచ్చడి, ముద్దపప్పు, ఉలవచారు. "అచ్చం అమ్మ చేతి వంటండీ" అని రివ్యూ రాసి పోతారు. ఆ అమ్మకు జీతం లేదు. చావిడి, కొలను రెండూ మగవాళ్ల తగవులే. మీ పిన్ని ఏం అడుగుతోందో రాయి బాబూ.

దుగ్గిరాల పసుపు

అక్కా, దణ్ణం. ఈ మాట మా ఇంట్లో చదవనివ్వను.

బెంజిసర్కిల్ నాన్న

నేను కూడా ఆ రివ్యూలు రాసేవాణ్ణే. సరే, కొలను వద్దు, కనీసం బోరు దగ్గర తొట్టి కట్టించండి. మా చిన్నప్పుడు అందులోనే కదా ఈత. ఆ నీళ్లు ఎలాగూ అరటికి పోతాయి, మాస్టారికీ అభ్యంతరం ఉండదు.

లెక్కల మాస్టారు

అభ్యంతరం లేదు, భయం ఉంది. బోరు మోటారు స్టార్టర్ డబ్బా, తేలిన వైర్లు తొట్టి పక్కనే ఉంటాయి. స్టార్టర్‌ను దూరంగా జరిపి, తడి తగలకుండా పెట్టె వేసి, ఎర్తింగ్ చేయించాకే పిల్లల్ని దింపండి. తొట్టి లోతు నడుము దాటొద్దు. ఎదురుగా నది ఉంది కదా అని ఏట్లోకి మాత్రం పంపొద్దు, ఇసక తీసిన గుంటలు పైకి కనపడవు.

కరకట్ట కుర్రాడు

అందరికీ థ్యాంక్స్. కొలను అనుకున్న జాగా కట్ట లోపలే. ఆ సంగతి చదివి వినిపిస్తే అన్నయ్య మాట్లాడకుండా లేచి వెళ్లాడు, అలక ఇంకా తీరలేదు. బాబాయి రేపు మేస్త్రీని రమ్మన్నాడు. తొట్టి మాత్రం కట్టిద్దామంటున్నారు, ఎలక్ట్రీషియన్ వచ్చి చూశాకే.

పిన్నిని అడిగానండి. ఈ డబ్బులోంచే వంటకు ఒక మనిషిని, గిన్నెలు తోమడానికి ఒక మనిషిని పెడితే తప్ప వచ్చే శనివారం నుంచి పొయ్యి వెలిగించనంది. మీ వైపు రోజుకు ఎంత ఇస్తున్నారో ఎవరైనా చెప్పండి.