జాలీబాయ్ దీవికి ఈత రాని అమ్మను తీసుకెళ్లొచ్చా?

అందరికీ నమస్తే. మాది సోంపేట దగ్గర పల్లె. జనవరిలో అండమాన్‌లోని పోర్ట్‌బ్లెయిర్‌లో మా మావయ్య ఇంటికి వెళ్తున్నాం. మన శ్రీకాకుళం వాళ్లు అక్కడ చాలామందే స్థిరపడ్డారు కదా. ఆ ఊరి దగ్గర్లోని వండూరు నుంచి పడవలో జాలీబాయ్ వెళ్లి, పగలంతా ఉండి పగడపు దిబ్బలు చూడాలని ఆశ.

నాకు ఈత వచ్చు, బారువ సముద్రంలో దిగిన అలవాటుంది. టెన్షన్ అంతా అమ్మ గురించే. 61 ఏళ్లు, ఈత రాదు, బస్సెక్కితేనే కడుపులో తిప్పుతుంది. లైఫ్ జాకెట్ వేసుకుని గైడ్ చేయి పట్టుకుంటే స్నార్కెలింగ్ (ముఖానికి అద్దం పెట్టుకుని, గొట్టంతో ఊపిరి తీస్తూ నీటిపై తేలుతూ అడుగున చూడటం) చేయగలదా? లేక అడుగున అద్దం ఉన్న పడవలోంచి చూస్తే చాలా? వాంతుల మాత్ర ఎంత ముందు వేయాలి? అక్కడికి ప్లాస్టిక్ తేనివ్వరు కాబట్టి పులిహోర స్టీలు డబ్బాలో పెడుతున్నాం.

పెద్దవాళ్లను తీసుకెళ్లినవాళ్లు దయచేసి చెప్పండి. అమ్మను ఒడ్డున కూర్చోబెట్టి నేనొక్కడినే చూసి రావడం నాకిష్టం లేదు.