సరస్సు ఒడ్డున చేపలవేట రిసార్టు: కేబినా, అద్దె ఆర్వీనా?

గాలంగట్టు:
రెండు కుటుంబాలం కలిసి వెళ్తున్నాం. అమ్మానాన్నలతో కలిపి ఏడుగురం. పడవ మాదే, ట్రైలర్ మీద తెస్తాం. అక్కడ కేబిన్లూ (చిన్న అద్దె ఇళ్లు) ఉన్నాయి, ఆర్వీలు, అంటే పడకలూ వంటిల్లూ ఉన్న ఇల్లులాంటి బండ్లు, నిలుపుకునే సైట్లూ ఉన్నాయి. మా బావగారు ఆర్వీ అద్దెకు తీసుకుందాం అంటారు. నేను కేబినే అంటున్నాను. వారం రోజులుగా ఇంట్లో ఇదే వాదన. మీరేమంటారు?

చక్రాలిల్లు:
బావగారి మాటే నాది కూడా. సీజన్లో చాలా రిసార్టులు కేబిన్లని శనివారం నుంచి శనివారం దాకా, వారానికే ఇస్తాయి. చేపలు ముట్టకపోతే ఏం చేస్తారు? ఆర్వీ అయితే ఇంకో సరస్సుకి పోవచ్చు. పైగా ట్రోలింగ్ మోటారు (పడవని మెల్లగా నడిపే కరెంటు మోటారు) బ్యాటరీలు మన తలుపు పక్కనే, సైట్లోని కరెంటు స్తంభం దగ్గరే చార్జింగ్ పెట్టుకోవచ్చు. మన పక్కలు, మన వంటిల్లు. ఇంతకంటే ఏం కావాలి?

తెల్లారుజాము:
సొంత ఆర్వీ ఉన్నవాళ్ల సంగతి వేరు. ఏ మీట ఎక్కడుందో వాళ్లకి చీకట్లో కూడా తెలుసు. నేను కాదనేది అద్దెది తెచ్చి, సరస్సు ఒడ్డున వారం పాటు కదలకుండా నిలబెట్టడం. తిరగడానికి చేసిన బండికి డబ్బు కట్టి, దాన్ని ఇరుకు ఇల్లులా వాడుకోవడం దేనికి?

చేపలవేటకి వెళ్లేవాళ్లు ముందు చూడాల్సింది నిద్ర. చాలా చేపలు తెల్లవారుజామున, సందెవేళ బాగా ముడతాయి. వాల్‌ఐ అనే చేప సంగతే తీసుకోండి. దాని కంటి వెనక వెలుతురుని తిప్పి కొట్టే పొర ఉంటుంది, అందుకే మసక వెలుగులో వేటాడుతుంది. అంటే దాని కోసం వెళ్లేవాళ్లు నాలుగున్నరకే లేవాలి. ఆర్వీలో ఒక మనిషి మెట్టు దిగితే బండంతా ఊగుతుంది. భోజనాల బల్లనే రాత్రికి మంచంగా మార్చుకుంటారు కాబట్టి, దాని మీద పడుకున్నవాళ్లు లేచేదాకా కాఫీ తాగడానికి కూడా కూర్చునే చోటుండదు. ఏడుగురిలో ఇద్దరు వేటకి వెళ్లాలంటే మిగతా ఐదుగురూ లేవాల్సిందే.

ఇక కరెంటు. ఉత్తర అమెరికా సైట్లలో 30 ఆంపుల కనెక్షన్ అంటే 120 వోల్టుల మీద 3,600 వాట్లు. ఏసీ దాదాపు 1,500 తింటుంది, మైక్రోవేవ్ ఇంచుమించు అంతే, కరెంటు మీద నడిచే వాటర్ హీటర్ 1,400. మూడూ ఒకేసారి పెడితే బ్రేకర్ పడిపోతుంది. 50 ఆంపుల సైటుకి 12,000 వాట్లు వస్తాయి, కానీ మీరు తెచ్చే బండి దానికి తగినదై ఉండాలి.

మురుగు గొట్టం పని ఎవరిదో కూడా ముందే తేల్చుకోండి. సైట్లో కనెక్షన్ ఉంది కదా అని టాయిలెట్ ట్యాంకు వాల్వు తెరిచి ఉంచితే నీళ్లు జారిపోయి గట్టిది అడుగున పేరుకుంటుంది. మూసే ఉంచి, మూడొంతులు దాటి నిండాక ఒక్కసారిగా వదలాలి. ఆ తర్వాత స్నానాల నీళ్ల ట్యాంకు వదిలితే గొట్టం కడుక్కుపోతుంది. అలవాటు లేనివాళ్లకి సెలవుల్లో ఈ పాఠం ఎందుకండీ?

చక్రాలిల్లు:
మీరు చెప్పినవన్నీ ఒక పూటలో వచ్చేసే పనులు. కేబిన్లో నిద్రకి ఇబ్బంది లేదా? పాత కేబిన్లలో పడకగదికి తలుపు ఉండదు, తెర కడతారు. గోడలు పలకలతోనే. పక్కగదిలో గురక పెడితే ఇవతలికి వినబడుతుంది.

రెండిళ్ల కోడలు:
మగవాళ్లంతా కరెంటు, చేపలు అంటున్నారు. పెద్దవాళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆర్వీ మెట్లు నిటారుగా ఉంటాయి, బాత్రూములో తిరగడానికి చోటుండదు. మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారు అర్ధరాత్రి అందులోకి వెళ్లడానికి ఎంత అవస్థ పడ్డారో దగ్గరుండి చూశాను. గాలంగట్టు అన్నయ్యా, మీ అమ్మగారిని అడిగారా?

తెల్లారుజాము:
చెల్లెమ్మ అసలు మాట చెప్పారు. చక్రాలిల్లు గారూ, తెర గురించి మీరన్నది నిజమే, అందుకే బుక్ చేసేముందు ఫోన్లో అడగమంటాను. పడకగదులకి తలుపులున్నాయా? గుమ్మానికి మెట్లెన్ని? పడవ కట్టే చోట కరెంటు ఉందా? అది ఉంటే బ్యాటరీల గొడవ కేబిన్ వాళ్లకీ తీరిపోతుంది. చేపలు కోసే షెడ్డు ఉందో లేదో కూడా అడగండి. చాలాచోట్ల కేబిన్ సింకులో చేపలు కోయనివ్వరు, ఆ నియమం సరైనదే. పొలుసులు, పేగులు గొట్టాల్లో ఇరుక్కుంటాయి, వాసన తర్వాత దిగేవాళ్లదాకా ఉంటుంది.

పడవ ఇంకో సరస్సులో తిరిగినదైతే ఒక మాట. బయల్దేరే ముందు అడుగు బిరడా తీసి, చేపల తొట్టిలో నీళ్లు వంపి, పూర్తిగా ఆరబెట్టండి. జీబ్రా మస్సెల్ అని సరస్సుల్ని పాడుచేసే చిన్న ఆల్చిప్పలుంటాయి. వాటి పిల్లలు కంటికి కనబడవు, ఆ మిగిలిన నీళ్లలోనే ప్రయాణం చేస్తాయి. ఉత్తర అమెరికాలో వాటిని 1988లో సెయింట్ క్లెయిర్ సరస్సులో గుర్తించారు. ఒకసారి పాకిన సరస్సు నుంచి వాటిని ఏరిపారేయడం దాదాపు అసాధ్యం. కేబినైనా ఆర్వీ అయినా ఇది మాత్రం తప్పదు.

చక్రాలిల్లు:
పడవ విషయంలో మీతోనే ఉన్నాను. ఆర్వీ మీద నా మాట మారదు. చేపలు లేని చోట వారం కట్టుబడి కూర్చోవడం నావల్ల కాదు.

గాలంగట్టు:
అమ్మని ఇప్పుడే అడిగాను. "మెట్లు తక్కువున్న చోటికి పోదాం నాన్నా" అంది. బావగారికి ఈ చర్చ పంపించాను, ఆయన ఏడుగురి నిద్ర సంగతి దగ్గర ఆగిపోయారు. రేపు పొద్దున్నే రిసార్టుకి ఫోన్ చేసి తలుపులు, మెట్లు, పడవ కట్టే చోట కరెంటు మూడూ అడుగుతాను. రెండు పడకగదులున్న కేబిన్ దొరక్కపోతే మళ్లీ మీ ముందుకే వస్తాను.