డౌన్‌ప్లే, బిలిటిల్... రెండూ ‘తక్కువ చేయడ’మేనా?

ప్రశ్న: ఇంగ్లీషు వార్తల అనువాదం చేస్తుంటాను. డౌన్‌ప్లే, బిలిటిల్, మినిమైజ్, మేక్ లైట్ ఆఫ్... ఏది వెతికినా నిఘంటువు ‘తక్కువ చేయు’ దగ్గరికే తీసుకొస్తోంది. వీటిలో తేడా ఎలా పట్టుకోవాలి? పెద్దలు చెప్పగలరు.

జవాబు: తక్కువయ్యేది మనిషా, విషయమా అన్నది ముందు చూడండి. సగం చిక్కు అక్కడే విడిపోతుంది. డౌన్‌ప్లే చేసేది విషయాన్ని. ప్రమాదం, నష్టం, గొడవ, ఒక్కోసారి తన గెలుపు కూడా. బిలిటిల్ చేస్తే దెబ్బ మనిషికి తగులుతుంది. అతని పనినో చదువునో అన్నా చివరికి చిన్నబోయేది అతనే.

‘మంత్రి ఘటనను డౌన్‌ప్లే చేశారు’ అన్న వార్తను ‘కొట్టిపారేశారు’ అని రాసేవాళ్లున్నారు. కొట్టిపారేయడమంటే అసలు జరగలేదనడం. డౌన్‌ప్లే చేసే మనిషి జరిగిందని ఒప్పుకుంటాడు, అంత పెద్దది కాదంటాడు. ‘ఘటన తీవ్రతను తగ్గించి చెప్పారు’ అంటే సరిపోతుంది. ‘చులకన చేశారు’ అన్నారో, బాధితులను అవమానించినట్టు వినిపిస్తుంది.

ఇంకో సంగతి. డౌన్‌ప్లే అన్న మాటలో రాసినవారి అభిప్రాయం కలిసి ఉంటుంది: విషయం నిజానికి పెద్దదే, ఈయనే తగ్గిస్తున్నాడు అని. అందుకే తన గురించి తాను ఈ మాట వాడేటప్పుడు ఎక్కువగా ‘కాదు’ తోడుగా ఉంటుంది. మనమూ అంతే కదా. ‘మిమ్మల్ని తక్కువ చేసి మాట్లాడుతున్నానని కాదు గానీ...’ అని మొదలుపెట్టి, ఆ తర్వాత చేసేది సరిగ్గా అదే!

బిలిటిల్ కథ మాత్రం చెప్పకుండా ఉండలేను. ఈ మాట మొదట కనిపించేది, తర్వాత అమెరికా అధ్యక్షుడైన థామస్ జెఫర్సన్ తన రాష్ట్రం వర్జీనియా గురించి రాసిన పుస్తకంలో, 1780ల్లో. అక్కడ దానికి అవమానం అనే అర్థం లేదు. ఫ్రెంచి ప్రకృతి శాస్త్రవేత్త బుఫాన్, అమెరికాలో చలీ చెమ్మా ఎక్కువ కాబట్టి జంతువులు పాత ప్రపంచంలో, అంటే యూరప్, ఆసియా, ఆఫ్రికాల్లో కన్నా చిన్నగా ఉంటాయన్నాడు. అట్లాంటిక్‌కు ఇవతల, అంటే అమెరికా వైపు, ప్రకృతి తన సృష్టిని ‘బిలిటిల్’ చేస్తుందన్న సిద్ధాంతమా ఇది, అని జెఫర్సన్ ఎత్తిపొడిచాడు. అంటే అచ్చంగా సైజు తగ్గించడమే. ఊరుకోలేదు, రెండు ఖండాల జంతువుల బరువులు పట్టికలు కట్టి చూపించాడు. పారిస్‌లో రాయబారిగా ఉన్నప్పుడు న్యూ హాంప్‌షైర్ నుంచి మూస్ అనే భారీ దుప్పి అస్థిపంజరం, చర్మం, కొమ్ములు తెప్పించి మరీ 1787లో బుఫాన్‌కు పంపాడు. అదే ఏడాది లండన్ పత్రిక ఒకటి, ‘వర్జీనియాలో ఇది సొగసైన మాటే కావచ్చు’ అని వెక్కిరించింది. కొత్త మాటను చిన్నచూపు చూసిన ఆ పనికి ఇవాళ ఇంగ్లీషులో పేరు బిలిటిల్ అనే.

మినిమైజ్ ఇంగ్లీషు తత్వవేత్త జెరెమీ బెంథామ్ పుట్టించిన మాట అంటారు, మాక్సిమైజ్ కూడా ఆయనదే. నష్టాన్ని మినిమైజ్ చేయడం మంచిపనే. తన తప్పును మినిమైజ్ చేయడం దబాయింపు. ఏది ముందుందో చూసి అనువదించండి.

మరొకరు: మేక్ లైట్ ఆఫ్ అంటే మన చులకనే కదండీ? చులకన అంటే తేలికదనమేగా.

జవాబు: మాట పుట్టుక చూస్తే మీరన్నది నిజం, రెండిట్లోనూ ఉన్నది బరువు తగ్గించడమే. వాడుకలో దారులు వేరయ్యాయి. ఇంగ్లీషువాళ్లు ఎక్కువగా కష్టాన్ని, జబ్బును, ప్రమాదాన్ని తేలిక చేస్తారు, అందులో కొంచెం నవ్వు కూడా ఉంటుంది. మనం మనిషిని చులకన చేస్తాం. కష్టం దగ్గరికొచ్చేసరికి ‘తేలిగ్గా తీసుకున్నాడు’, ‘నవ్వుతూ తీసిపారేశాడు’ అంటాం.

మరొకరు: మూడంతస్తుల మేడ కట్టి ‘ఏదో చిన్న కొంప వేసుకున్నామండీ’ అనేవాళ్లను ఏమనాలి? సెల్ఫ్ డెప్రికేటింగ్ అనేనా?

జవాబు: అదే. ఈ డెప్రికేట్ మూలం లాటిన్‌లో, కీడు తప్పించమని ప్రార్థించడం అని అర్థం. తర్వాత ‘వద్దని చెప్పడం’, ‘మెచ్చకపోవడం’ అయింది. విలువ తగ్గించే డెప్రీషియేట్ వేరే మాట, లెక్కల పుస్తకాల్లో తరుగుదల అంటామే, అది. పలకడంలో దగ్గరగా ఉండేసరికి రెండూ కలిసిపోయి, ‘సెల్ఫ్ డెప్రీషియేటింగ్’ చోటును ‘డెప్రికేటింగ్’ ఆక్రమించింది. పాత అర్థాన్ని ఇప్పుడు కాపాడుతున్నది సాఫ్ట్‌వేర్‌వాళ్లే. ఒక ఫంక్షన్, అంటే ప్రోగ్రాములో ఒక పని చేసిపెట్టే భాగం, డెప్రికేట్ అయిందంటే పనిచేస్తుంది, కానీ ఇక వాడొద్దని.

ప్రశ్న అడిగినవారు: చాలా సంతోషమండీ. నా చేతిలో ఉన్న వాక్యం ఇది: గెలిచిన అమ్మాయి తన పతకాన్ని ‘డౌన్‌ప్లే’ చేసింది. ‘తగ్గించి చెప్పింది’ అంటే అబద్ధం చెప్పినట్టు ఉంది.

జవాబు: అవును, అక్కడ అది నప్పదు. ‘పతకం గెలిచినా, అదేమంత గొప్ప కాదన్నట్టే మాట్లాడింది’ అని రాసేయండి.