ప్రింటర్ 4 నిమిషాలకే లిస్టులోంచి మాయం, ఐపీ ఇస్తే మాత్రం ప్రింట్ వస్తోంది

ప్రింటర్ కేబుల్‌తో స్విచ్‌కి, అదే స్విచ్‌కి వైఫై యాక్సెస్ పాయింట్ కలిపి ఉన్నాయి. ల్యాప్‌టాప్ లినక్స్, వైఫై మీద. అన్నీ ఒకే సబ్‌నెట్ (ఒకే లోకల్ నెట్‌వర్క్ భాగం).

ప్రింటర్ ఆపి ఆన్ చేస్తే వెంటనే కనిపిస్తుంది. సరిగ్గా 4 నిమిషాలు దాటాక ఎంత వెతికినా దొరకదు. ఫోన్‌లోనూ ఇంతే. ల్యాప్‌టాప్‌కి కేబుల్ పెడితే మాత్రం రోజంతా కనిపిస్తుంది! ఐపీ అడ్రస్, 631 పోర్ట్ ఇచ్చి చేత్తో యాడ్ చేస్తే ప్రింట్ ఎప్పుడూ ఆగలేదు, కాబట్టి డ్రైవర్ గొడవ కాదనుకుంటున్నాను.

ఫైర్‌వాల్‌లో యూడీపీ 5353 (నెట్‌వర్క్‌లో పరికరాలను వెతికే mDNS పోర్ట్) తెరిచాను, అవాహీ (లినక్స్‌లో ఆ వెతికే పని చేసే సర్వీస్) రీస్టార్ట్ చేశాను, క్లయింట్ ఐసొలేషన్ (వైఫై పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడకుండా ఆపే సెట్టింగ్) ఆఫ్‌లోనే ఉంది. వైఫైలో ఉండగా ప్యాకెట్లు చూస్తే ల్యాప్‌టాప్ నుంచి 224.0.0.251కి (mDNS వాడే మల్టీకాస్ట్ అడ్రస్, అంటే ఒకేసారి చాలా పరికరాలకు చేరేది) ప్రశ్న వెళుతోంది, జవాబు రావట్లేదు.

స్విచ్‌లో ఐజీఎంపీ స్నూపింగ్ (మల్టీకాస్ట్‌ను అడిగిన పోర్టులకే పంపే ఫీచర్) ఆపేస్తే సమస్య పోయింది. కానీ అదే నెట్‌వర్క్‌లో ఐపీటీవీ ఉంది. స్నూపింగ్ లేకపోతే ఆ వీడియో అంతా వైఫై మీద పడి నెట్ నత్తనడక నడుస్తోంది. మళ్లీ ఆన్ చేసి, క్వెరియర్ (ఏ మల్టీకాస్ట్ ఎవరికి కావాలో అప్పుడప్పుడూ అడిగేది) కూడా పెట్టాను. తేడా లేదు. నిజానికి 224.0.0.తో మొదలయ్యే అడ్రస్‌లను స్నూపింగ్ వడకట్టకూడదు కదా, ఇక్కడ వడకట్టేస్తున్నట్టుంది. ఫర్మ్‌వేర్ కొత్తదే.

స్నూపింగ్ ఆన్‌లో ఉంచుతూనే 224.0.0.251 ట్రాఫిక్ అన్ని పోర్టులకూ ఎప్పుడూ వెళ్లాలంటే స్విచ్‌లో ఏ సెట్టింగ్ మార్చాలి?