ఇంక్‌స్కేప్‌లో పొరల అక్షరాలు: అంచు కట్ అవ్వట్లేదు, వత్తు ఊడి వస్తోంది

ప్రశ్న:
"అమ్మ" అన్న మాటని కార్డ్‌స్టాక్ (మందపాటి కాగితం)లో మూడు పొరలుగా చేయాలి. వెడల్పు 150 మి.మీ. పైన ఎర్ర అక్షరాలు, వాటి చుట్టూ 3 మి.మీ. తెల్ల అంచు, దాని చుట్టూ ఇంకో 3 మి.మీ. నల్ల అంచు. ఇంక్‌స్కేప్ (బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్)లో అక్షరాలకి 6, 12 మి.మీ. స్ట్రోక్ (అంచు గీత మందం, సగం లోపలికి పోతుంది) ఇస్తే స్క్రీన్ మీద బ్రహ్మాండంగా ఉంది. కటింగ్ మిషన్ మాత్రం మూడు పొరల్నీ ఒకే సైజులో కోసింది. మ కింద వత్తు కూడా విడి ముక్కగా వస్తోంది. తప్పెక్కడ?

జవాబు 1:
మిషన్ స్ట్రోక్ మందాన్ని పట్టించుకోదండి. బ్లేడు పాత్ (ఆకారపు గీత) వెంటే నడుస్తుంది, మీ మూడింటికీ పాత్ ఒకటే. వ్యూ మెనూలో డిస్‌ప్లే మోడ్‌ని అవుట్‌లైన్‌కి మార్చి చూడండి, అక్కడ కనబడే గీతలే కట్ అవుతాయి.

ముందు టెక్స్ట్ కాపీ ఒకటి పక్కన పెట్టుకోండి, పాత్‌గా మారాక స్పెల్లింగ్ దిద్దలేరు. తర్వాత వరసగా ఆబ్జెక్ట్ టు పాత్ (అక్షరాల్ని పాత్‌గా మార్చేది), అన్‌గ్రూప్ (విడదీసేది), యూనియన్ (ఒకే ఆకారంగా కలిపేది). యూనియన్ మర్చిపోతే అక్షరాలు ఒకదాని మీదికొకటి ఎక్కిన చోట బ్లేడు లోపల కూడా గీసేస్తుంది.

ఇప్పుడు కంట్రోల్+డి కొడితే కాపీ సరిగ్గా అదే చోట పడుతుంది. దానికి పాత్ ఎఫెక్ట్స్‌లో ఆఫ్‌సెట్ (ఆకారాన్ని చుట్టూ సమానంగా పెంచేది, మైనస్ ఇస్తే తగ్గించేది) పెట్టి, యూనిట్ మి.మీ., విలువ 3, జాయిన్ (మూలల తీరు) రౌండెడ్ ఇవ్వండి. మైటర్ (మొనదేలిన మూల) ఉంచితే మూలల్లో ముళ్లు లేస్తాయి. నల్ల పొరకి అసలు అక్షరాల కాపీనే తీసుకుని 6 ఇవ్వండి. చివర్లో రెండింటికీ మళ్లీ ఆబ్జెక్ట్ టు పాత్.

జవాబు 2:
వత్తు సంగతి. చాలా ఫాంట్లలో అది పై అక్షరాన్ని తాకదు. ఎర్ర పొరలో విడిగా వచ్చినా ఫర్వాలేదు, తెల్ల పొర మీద అతుక్కుంటుంది. తెల్ల పొర మాత్రం ఒకే ముక్కగా రావాలి. 3 మి.మీ. ఆఫ్‌సెట్ రెండు వైపుల నుంచీ పెరుగుతుంది కాబట్టి 6 మి.మీ. లోపు ఖాళీ మూసుకుంటుంది. మెజర్ టూల్‌తో కొలవండి. ఖాళీ 6కి దగ్గర్లో ఉంటే కలిసినట్టే కలిసి నడుము 1–2 మి.మీ. మిగులుతుంది, మ్యాట్ (కాగితాన్ని పట్టి ఉంచే జిగురు పలక) మీంచి ఒలిచేటప్పుడు అక్కడే చిరుగుతుంది. అలాంటప్పుడు యూనియన్‌కి ముందే వత్తుని 2 మి.మీ. పైకి జరపండి, చూసేవాళ్లకి తెలియదు.

అదే లెక్కన అ, మ లోపలి ఖాళీలు కూడా సూదిబెజ్జాల్లా మిగులుతాయి. తెల్ల పొరని బ్రేక్ అపార్ట్ (విడి గీతలుగా) చేసి ఆ చిన్నవి తీసేసి, మిగతావి కంబైన్ (మళ్లీ ఒకటిగా) చేయండి. నల్ల పొరకి బయటి గీత ఒక్కటే చాలు.

ప్రశ్న వేసినవారు:
ఖాళీ 7 ఉంది, అందుకే కలవలేదు. జరిపాక తెల్ల పొర ఒకే ముక్కయింది. కానీ కటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే 150 కాస్తా 200 అయింది!

జవాబు 1:
ఇంక్‌స్కేప్ అంగుళానికి 96 పిక్సెళ్లు లెక్కిస్తుంది, అవతలిది 72గా చదివింది. మూడు పొరలూ కలిపి సెలెక్ట్ చేసి, నిష్పత్తి లాక్ వేసి 75 శాతానికి తగ్గించండి. విడివిడిగా తగ్గిస్తే అంచులు తేడా వస్తాయి.

జవాబు 3:
ఇంకొకటి. ఎర్ర అక్షరాలు కంటి అంచనాతో అతికిస్తే అంచు ఒక పక్క 2, ఇంకో పక్క 4 అవుతుంది. అక్షరాల ఇంకో కాపీకి మైనస్ 0.5 మి.మీ. ఆఫ్‌సెట్ ఇచ్చి, దాన్ని కటింగ్ సాఫ్ట్‌వేర్‌లో కట్ బదులు పెన్‌కి (కోయకుండా గీసేలా) మార్చి తెల్ల పొరతో అటాచ్ చేయండి (కలిపేయండి). పెన్ను గీత ఎర్ర అక్షరం కింద దాక్కుంటుంది.